పెద్దల ముందు పెట్టిన పంచె

అవి యుద్ధం రోజులు. నేను హిందూపురంలో క్రైస్తవుల బడిలో పంతులుగా ఉండేవాణ్ని. మా ఇంట్లోకి ఏసు ఎలా వచ్చాడో తెలుసుకోవాలని లాంగ్ లీవు పెట్టి, ముందు పెనుకొండలో ఉన్న మా తాత దగ్గరికి వెళ్లాను.

"మాది ధర్మవరం. నేను బాప్తిస్మం తీసుకుంటే మా నాయన నాకు బతికుండగానే కర్మ చేసినాడు. అంతేరా" అని తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ధర్మవరం రైలెక్కాను. వాకబు చేసుకుంటూ, తాత పుట్టిన ఇంట్లోనే ఉంటున్న ఆయన చెల్లెలి దగ్గరికి చేరాక తెలిసింది, ఆ రోజు పెద్దల అమావాస్య అని. మగ్గం పక్కన, చనిపోయిన పెద్దల కోసం కొత్త బట్టలు పెట్టి దీపం వెలిగించి ఉన్నారు. నేనెవరో చెప్పగానే ఇంట్లో మగవాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు. అవ్వ మాత్రం ఒక ఎర్రంచు పంచె చూపించి, "అది మీ తాతకే. ఏటా పెడతా" అంది.

"అవ్వా, తాత బతికే ఉన్నాడు" అన్నాను.

"తెలుసప్పా. మాయన్న సచ్చినాడని మా నాయన అన్న్యాక ఈ ఇంట్లో ఆయప్ప పేరెత్తేదానికి ల్యాకపాయ. సచ్చినోళ్లకు గుడ్డ పెడితే మాత్రం ఎవరూ వద్దనరు."

దీపానికి దణ్ణం పెట్టి, పంచె తీసి నా చేతికిచ్చింది. "ఈ తూరి కట్టుకునేవానికే ఇయ్యి."

పెనుకొండకు తిరిగొచ్చి, అవ్వ మాట చెప్పి పంచె తాత చేతిలో పెట్టాను. ఆదివారం తాత ఆ పంచె కట్టుకునే చర్చికి వచ్చాడు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ దాని అంచును వేళ్లతో తడుముతూనే ఉన్నాడు. మా ఇంట్లోకి ఏసు ఎలా వచ్చాడో వెతకబోయిన నాకు, ఆయన కోసం తాత ఏం వదులుకున్నాడో ఆ రోజు తెలిసింది.