ఇసుక మీద పోసి చూపించమన్నాడు

పోయిన బుధవారం ఉదయం జువ్వలదిన్నె నుంచి మరదలు ఫోన్ చేసింది. "బావా, నాయన పోయినాడు. టీ తాగి గ్లాసు నా చేతికిచ్చి, అట్టనే ఒరిగిపోయినాడు" అంది. పక్షవాతం రెండోసారి వచ్చింది. మూడేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడే అది మా మేనమామను బోటు మీద నుంచి మంచం మీదికి దించేసింది.

ఎన్నో ఏళ్లు బోటు నడిపిన మనిషి. కుడి పక్క పడిపోయాక ముందుగదిలో, గోడ వారన, ఆరడుగుల మంచం. కుడి చేతి బొటనవేలు కదిలిస్తూ ఉండాలని వ్యాయామం నేర్పే ఆయన చెబితే, మరదలు ఫోన్‌లో ఒక ఆట పెట్టి ఇచ్చింది. ఆటలో ఒక రేవు, బోట్లు, చేపలు. ముఖం తెలియని ఎనిమిది మంది ఒక జట్టు. రోజూ ఎనిమిది మందీ వస్తేనే బహుమతి పెట్టె తెరుచుకుంటుంది. లోపలేముందో చూపించకుండా డబ్బుకు అమ్మే పెట్టెలు వేరే ఉంటాయి. ఒక్క రోజు కూడా తప్పకుండా తొంభై రోజులు వచ్చినవాడికి పెద్ద బోటు ఇస్తారు. మామకు ఆ బోటు కావాలి. ఇంకెప్పటికీ నడపలేని మనిషికి ఎందుకు కావాలో నేను చెప్పక్కర్లేదు.

ఇలాంటి ఆటల మీద నేను ఎంత కటువుగా రాస్తానో ఈ పేజీ చదివేవాళ్లకు తెలుసు. అలాంటి వ్యాసం ఒకటి పట్టుకుని వెళ్లి మంచం పక్కన కూర్చుని చదివాను.

"ఇది వల మామా. నువ్వు పడ్డావు."

"వల గురించి నువ్వు నాకు చెప్తాండావా?" అన్నాడు. మూతి కొంచెం వంకర పోయింది కాబట్టి ఆయన ఎగతాళి రెట్టింపుగా తగిలేది. "వలకి కన్నుంటాది రా. పిల్ల చేప జారిపోయేంత కన్ను. అది పోతేనే గదా వచ్చే ఏడు మనకి చేప. ఇది వల కాదు, దోమతెర. దోమతెరతో చేపలు పట్టేవోణ్ణి మా రేవులో ఉండనిస్తామా?"

నా వ్యాసం మొత్తంలో ఆ మాట లేదు. ఆటను నిషేధించాలని నేను రాశాను. ఆయన కన్ను పెద్దది చేయమన్నాడు.

"ఆట చేసినోళ్లు అమ్ముకోకూడదా మరి? ఊరికే ఎవరు చేస్తారు?" అని నన్నే నిలదీశాడు. "ఐసు అమ్మేవోడు అమ్మడంలా? అమ్ముకోనీ. కానీ మేం చేపని ఇసక మీద పోసి, అందరికీ చూపించి, అప్పుడు పాట పెడతాం. ఈళ్లు మూసిన పెట్టె చూపించి, కొను, లోపలేముందో తర్వాత తెలస్తాది అంటారు. అట్టాంటోణ్ణి మా ఆడోళ్లే తరిమేస్తారు."

వేలం పాట గురించి నాకు పాఠం చెప్పినంతసేపూ ఆయన బొటనవేలు తెర మీద కదులుతూనే ఉంది. అది చూస్తే ఒళ్లు మండేది. ఇంత తెలిసిన మనిషి కూడా అందులోంచి బయటికి రాలేకపోతే, తప్పు మనిషిది అని ఎలా అంటాం? నిగ్రహం లేదు, అలవాటు చేసుకున్నారు అంటూ జనానికి నీతులు చెప్పేవాళ్లు ఒకసారి ఆ ముందుగదికి వచ్చి కూర్చోవాల్సింది.

ఎనభై అయిదో రోజున ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. నెల్లూరు ఆస్పత్రిలో ఆరు రోజులు. లోపలికి ఫోన్ రానివ్వలేదు. ఇంటికి వచ్చి తెరిస్తే లెక్క మళ్లీ ఒకటి దగ్గర ఉంది.

మామ కంగారు పడలేదు. జబ్బుపడి ఒడ్డున మిగిలినవాడి ఇంటికి కూడా కూరకని చేప పంపడం వాళ్ల రేవు పద్ధతి. అడగనక్కర్లేదు, వస్తుంది. "ఓనరుకి తెలీదు గదా. తెలిస్తే ఇస్తాడు" అన్నాడు. నా చేత ఉత్తరం రాయించాడు: "ఓనరు గారికి నమస్కారం. నేను ఎగ్గొట్టలేదు. ఆస్పత్రిలో ఉండినాను. కాగితం జత చేసినాను." డిశ్చార్జి కాగితం ఫోటో తీసి పెట్టమన్నాడు. ఆ కంపెనీని తిట్టడానికి ఎన్నో పేజీలు ఖర్చు చేసిన నేను, ఆ ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి, వినయంగా పంపాను.

జవాబు నిమిషంలో వచ్చింది. మనిషి రాసింది కాదు. మీ అనుభవం మాకు ముఖ్యం అంటూ, తప్పిపోయిన రోజులను సగం ధరకు కొనుక్కోవచ్చని చెప్పింది.

చదివి వినిపించాను. "నా జబ్బుకి నా చేతనే వేలం పాట పాడిస్తారా?" అన్నాడు. కొనలేదు.

"మానెయ్ మామా ఇంక."

"నేను మానేస్తే మిగతా ఏడుగురికీ పెట్టె తెరుచుకోదు గదరా. వాళ్లేం చేసినారు పాపం?"

మనిషికి తోటివాళ్ల మీద ఉండే మర్యాదనే గొళ్లెంగా చేసి బిగించిన తలుపు అది. పద్దెనిమిదో రోజు దాకా వచ్చాడు. ఆ తర్వాత బుధవారం.

అంత్యక్రియలు అయ్యాక మరదలు ఫోన్ నా చేతిలో పెట్టి, "తీసేయ్ బావా, నా వల్ల కావడంలా" అంది. ఖాతా తొలగించే మీట నొక్కితే హెచ్చరిక వచ్చింది. సీజన్ మధ్యలో వెళ్లిపోతే జట్టు సంపాదించినదంతా పోతుందట. తీసేయకుండా ఆగాను. కనీసం ఆ ఏడుగురికీ సంగతి చెబుదామనుకున్నాను. ఆ ఆటలో సొంతంగా రాయడానికి వీల్లేదు. కంపెనీ రాసిపెట్టిన మాటల్లోంచే ఎంచుకోవాలి. నమస్తే. శభాష్. త్వరగా రా. మంచి వేట. పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. చావు అనే మాట లేదు. కొన్ని మాటలకు తాళం బొమ్మ ఉంది, కొనుక్కోవాలి.

ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది నొక్కాను: "ఈ రోజు రాలేను."

ఒకటి తర్వాత ఒకటి, ఏడు జవాబులు వచ్చాయి. ఏడూ ఒకటే.

"పర్లేదు. రేపు రా."