తడి తగలని జాడీ

బెజవాడ గవర్నర్‌పేటలో నేను కొత్తకాపురం పెట్టిన ఇంట్లో, పక్కవాటాలో ఒక పిన్నిగారు ఒంటరిగా ఉండేవారు. ఆవిడ భర్తకు రంగూన్‌లో ఉద్యోగం. కిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు ఆయన తినగా మిగిలిన పండుమిరపకాయల కొరివికారం ఆవిడ వంటింట్లో చిన్న జాడీలో ఉండేది. దాన్ని ఆవిడ తినేవారు కాదు, ఎవరికీ పెట్టేవారూ కాదు.

అప్పుడప్పుడూ జాడీ మూతికి కట్టిన వాసెనగుడ్డ విప్పి, లోపలి అంచు పొడిగుడ్డతో తుడిచి, కారం మునిగేలా నువ్వులనూనె పోసి మళ్లీ బిగించి కట్టేవారు. అంతకుముందు చేతులు కడుక్కుని, అవి ఆరేదాకా పెరట్లో ఎండకు పట్టుకుని నిలబడేవారు. పిడికెడు కారానికి ఇంత మడా అని నాకు నవ్వొచ్చేది. సాయం పట్టబోతే, "ఆగమ్మాయ్, తడి తగిలితే బూజొస్తుంది. ఆయనొచ్చేసరికి బాగుండాలిగా" అనేవారు.

యుద్ధం రంగూన్ దాకా వచ్చింది. అక్కడి మనవాళ్లు అడవుల వెంట నడిచి తిరిగొస్తున్నారని విన్నాం. ఒక మధ్యాహ్నం, ఆయనతో కలిసి బయలుదేరిన పామర్రు మనిషి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, తల దించుకుని, "దారిలో జ్వరమొచ్చి పోయారండీ. మేమే మట్టి చేశామండీ" అన్నాడు.

పిన్నిగారు "ఎప్పుడనగా తిన్నారో ఏమో, కాళ్లు కడుక్కోండి" అని లేచి విస్తరి వేశారు. అన్నం వడ్డించి, జాడీ వాసెన విప్పారు. కళ్లు తుడుచుకున్న చేత్తోనే కారం తీసి అతని విస్తట్లో వేశారు.

ఆ జాడీకి ఆవిడ మళ్లీ వాసెన కట్టలేదు.