శుక్రవారం బొట్టు

పక్కవాటా పిన్నిని తలుచుకుంటే పసుపు అంటిన ఆమె ఉంగరపు వేలే నాకు ముందుగా గుర్తుకు వస్తుంది. విజయనగరంలో మేము అద్దెకున్న రోజులవి. ఆటో నడిపే బాబాయి ప్రమాదంలో నడుము విరిగి మంచం పట్టాక, పిన్ని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చొని ఫోన్లు మాట్లాడే ఉద్యోగంలో చేరింది. ప్రతి శుక్రవారం తన హెడ్‌సెట్ ప్లగ్గుకు బొట్టు పెట్టేది.

"ఆటోకి ఎట్టేదాన్ని. ఇప్పుడు మాకు కూడు ఎట్టేది ఇదే కదరా!" అని నవ్వేది.

ఒక శుక్రవారం ఉదయం కంప్యూటర్ ఆ హెడ్‌సెట్‌ను గుర్తించలేదు.

"ఒరే, ఓపాలి రారా! పదికి లైన్లోకి ఎల్లకపోతే ఉజ్జోగం ఊడతాది. ఇప్పటికే ఆపీసోల్లు రొండుపాలి సెప్పేరు," అని పిలిచింది.

వేరే పోర్టులో పెట్టి చూశాను. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాను. ఫలితం లేదు. ప్లగ్గును వెలుతురుకు పట్టి చూస్తే, వారం వారం పెట్టిన తడి పసుపు లోపలికి జారి గట్టిపడి ఉంది.

"దీన్ని గీకి తుడిచెయ్యాలి పిన్నీ."

"శుక్రవారం పూట బొట్టు సెరపకూడదురా," అంటూ ఆమె ప్లగ్గును గుప్పిట్లో దాచుకుని బాబాయి వైపు చూసింది.

"నానింకా బతికే ఉన్నానే. తుడవనీ," అన్నాడాయన మంచం మీదనుంచే.

ఆమె ముఖం తిప్పుకొని ప్లగ్గు నా చేతికిచ్చింది. సూదితో గీకి, గుడ్డతో తుడిచాను. కంప్యూటర్ హెడ్‌సెట్‌ను గుర్తించింది. అప్పటికి పది దాటిపోయింది. ఆమె పేరు మీద లైను తెరుచుకోలేదు; ఆ ఉద్యోగం పోయింది.

మరుసటి శుక్రవారం హెడ్‌సెట్ బొట్టు లేకుండా మేకుకు వేలాడుతోంది. పిన్ని, ప్రమాదం జరిగినప్పటి నుంచి వాకిట్లో నిలిచిపోయిన ఆటోను శుభ్రంగా కడిగి, బొట్టు పెట్టి, కొన్నవాళ్ల వెంట సాగనంపింది.