మూడు దినాల పదును

టీవీలో నాయకులు గొంతు చించుకుని తిట్టుకోవడం మొదలైన రోజులవి. ఎదుటివాడి నోరు మూయిస్తే గెలిచినట్టేనని నేనూ నమ్మేశాను. పైగా అనంతపురంలో డిగ్రీ, అదీ ఎకనామిక్సు. తలకెక్కకుండా ఉంటుందా!

కంబదూరు దగ్గర మాది వాన మీద బతికే ఊరు. మా నాయనకు ఒక ఎద్దు, పక్కింటి మామకు ఒక ఎద్దు. రెండూ కలిస్తేనే కాడి. వాన పడగానే ఒక ఏడు ముందు మా చేను విత్తేవాళ్లు, మరుసటి ఏడు ముందు వాళ్ల చేను. ఆ ఏడు ముందు వంతు మాది.

సెలవుల్లో టీకొట్టు దగ్గర పేపరు చదివి వినిపిస్తున్నాను. ప్రభుత్వాలకు సలహాలిచ్చిన ఓ పెద్ద ఆర్థికవేత్త పోయాడని వార్త. సేద్యం మీద ఇంతమంది బతకడం దండగ, సగం మంది బయటికి రావాలన్నది ఆయన వాదన. మా క్లాసులో ఆయన మాటే వేదం.

"బయటికొచ్చి యాడికి పోవాలప్పా?" అన్నాడు మామ.

నిజంగానే అడిగాడు. తెలీదని ఒప్పుకుంటే నా సొమ్మేం పోయేది? "ఏలిముద్ర ఏసేవాడివి, నీకేం తెలుస్తాది మామా!" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. మామ గ్లాసు కింద పెట్టి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే మంచి వాన పడింది. మా గాలికి విత్తే పదును, అంటే నేలలో తడి, మూడు దినాలు నిలిస్తే గొప్ప. నాయన మామను పిలవడానికి పోతే, "మాటన్నోడు రావాల" అని అత్త వాకిట్లోనే చెప్పిందట.

"నోరు జారినావు. పోయి రాపోరా," అన్నాడు నాయన.

"నేనేం తప్పు మాట్లాడినా?" అన్నాను. ఒక రోజు పోయింది. రెండో రోజూ పోయింది. లోపల భయంగానే ఉంది, కాలు మాత్రం కదల్లేదు. ఛీ, ఏం పొగరు!

మూడో రోజు తెల్లారేసరికి మామ తన ఎద్దును తోలుకుని మా చేను గట్టున నిలబడి ఉన్నాడు. "ముందు మీ వంతు కదప్పా," అన్నాడు నాయనతో. నాతో మాట్లాడలేదు. సాయంత్రానికి మా వేరుశనగ విత్తడం అయిపోయింది.

నాలుగో రోజు వాళ్ల చేలో విత్తే గొర్రు పెట్టారు. నాలుగు సాళ్లు తోలేసరికి దుమ్ము లేచింది. మామ వంగి పిడికెడు మట్టి తీసి నలిపాడు. పొడిపొడిగా రాలిపోయింది. ఆ ఏడు మళ్లీ విత్తే వాన రాలేదు.

మట్టి రాలిన ఆ పొద్దునే దగ్గరికి పోయి, "తప్పయిపాయ మామా," అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన నా వైపు చూడలేదు. "కాడి ఇప్పప్పా," అన్నాడు. "ఎద్దులకు నీళ్లన్నా తాపుదాం."