ఖాసిం సాయిబు గారు కట్టని పన్ను

ప్లాస్టర్ పొడిని నీళ్ళలో కలిపి అచ్చులో పోసి పట్టుకుని కూర్చుంటే కాసేపటికి అది వెచ్చబడుతుంది. కింద పొయ్యి ఉండదు, నిప్పు ఉండదు. గట్టిపడుతూ గట్టిపడుతూ తనంతట తనే వెచ్చబడుతుంది. నలభై ఏళ్ళుగా రోజూ చూస్తున్నదే అయినా, ఆ వెచ్చదనం అరచేతికి తగిలినప్పుడల్లా ఎవరో పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ పెద్దాయన ఖాసిం సాయిబు గారు. నరసరావుపేట బస్టాండుకి దగ్గర్లో పళ్ళు కట్టే షాపు ఆయనది. పని నేర్చుకున్నవాళ్ళందరూ గోడకి గురువుగారి ఫొటో తగిలించుకుంటారు. నా దగ్గర ఆయన ఫొటో లేదు, దవడ ఉంది. ప్లాస్టర్ దవడ. అది నా దగ్గరికి ఎలా వచ్చిందో చివర్లో చెబుతాను. ముందే చెప్పేస్తే మీరు మిగతాది చదవరు.

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివితే పాఠాలు కంఠతా వచ్చేస్తాయేమోనని భయపడి మానేశాను. ఆ తర్వాత సైకిలు షాపులో, మిల్లులో, ఇంకా చెప్పుకోదగని రెండు మూడు చోట్ల తిరిగి, ఇరవై దాటాక ఈ షాపు మెట్లెక్కాను. బోర్డు మీద ఆయన పేరుకన్నా పెద్దగా, గులాబీ రంగు చిగుళ్ళతో రెండు వరసల పళ్ళు వేయించి ఉన్నాయి. అది చూసి, మీ ఫొటో బాగా పడింది బాబాయ్ అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి నన్ను కాసేపు చూసి, నోరు తెరవమన్నారు. పళ్ళన్నీ పరీక్ష చేసి, ఈ నోటికి పని కల్పించకపోతే ఊరికి ప్రమాదం అని చెప్పి లోపలికి రమ్మన్నారు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. మనిషి రాగానే కొలత తీసేవారు కాదు. కూర్చోబెట్టి పిల్లల గురించి, పొలం గురించి అడిగేవారు. నవ్వించే బాధ్యత నాది. వాళ్ళు నవ్వుతుంటే, మాట్లాడుతుంటే ఆయన పెదవులు చూసేవారు. ఇంట్లో పాత ఫొటో ఏదైనా ఉంటే తెమ్మనేవారు. ఒకసారి బొల్లాపల్లి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ముందు నాలుగు పళ్ళు కట్టాలి. ఆ వైపు నీళ్ళకి అందరి పళ్ళూ గారపట్టి ఉంటాయి. నేను డబ్బాలో వెతికి మల్లెమొగ్గల్లాంటి తెల్ల పళ్ళు నాలుగు తీసి మైనంలో పేర్చాను. ఖాసిం సాయిబు గారు చూసి బాగున్నాయన్నారు. తర్వాత సన్న కుంచె తీసుకుని వాటి మీద గోధుమ రంగు చారలు దిద్దడం మొదలుపెట్టారు. మంచి పళ్ళని పాడు చేస్తున్నారేంటి బాబాయ్ అని గోల పెట్టాను. ఆయన తలెత్తలేదు. ఈ నాలుగూ తెల్లగా ఉంటే పక్కనున్నవన్నీ మురికి పళ్ళయిపోతాయి అన్నారు. వారం తర్వాత ఆ పెద్దావిడ అద్దంలో చూసుకుని, ఇన్నాళ్ళూ నా పళ్ళు యాడ దాచావు సాయిబూ అని అడిగింది.

ఎనభైల మధ్యలో ఒకరోజు మధ్యాహ్నం కాలేజీలో జువాలజీ చెప్పే సుభద్ర మేడం వచ్చారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన చిన్న వయసు మనిషి. పన్ను నొప్పేమో అనుకున్నాను. ఆవిడ సంచిలోంచి దూదిలో చుట్టిన పొట్లం తీసి బల్ల మీద విప్పారు. బొటనవేలి గోరంత పన్ను, నల్లబెల్లం రంగులో నిగనిగలాడుతోంది. కొన లేదు. కింద వేరు ఒక పక్క విరిగి ఉంది. సొరచేపదట. కోట్ల ఏళ్ళ కిందటిదట, రాయైపోయిందట. చదువుకునే రోజుల్లో తమిళనాడులో ఒక సున్నపురాయి గని దగ్గర దొరికిందట, కొన అప్పటికే లేదట. మా పల్నాడులో ఇన్ని నాపరాళ్ళు కొడుతున్నారు, ఒక్క పన్ను కూడా రాదేంటండీ అని అడిగాను. ఈ నాపరాయి ఏర్పడే నాటికి పళ్ళున్న జీవే పుట్టలేదన్నారు. అయితే మా షాపు అప్పుడు మూసే ఉండేదన్నమాట అన్నాను. ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. నవ్వే స్థితిలో లేరు.

సంగతేమిటంటే, నాలుగు రోజుల్లో కాలేజీలో ప్రదర్శన. ఈ చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ లేని వస్తువు పెడతానని ఆవిడ అందరికీ చెప్పుకున్నారు. తీరా క్లాసులో చూపిస్తుంటే చెయ్యి జారి కింద పడి వేరు విరిగింది. ఆ ముక్క అగ్గిపెట్టెలో దాచి తెచ్చారు. ప్రిన్సిపాలు చూసి, ఈ మొండి ముక్కని అద్దాల పెట్టెలో పెడితే జనం నవ్వుతారు, నిండుగా ఉంటేనే పెట్టండి అన్నారట. పళ్ళు కట్టేవాళ్ళు మీరే కదా, కొన కూడా కట్టి పెట్టండి సాయిబు గారూ అని ఆవిడ బతిమాలారు. నాకు మాత్రం ఒళ్ళంతా పులకరించింది. ఏడో తరగతి దాటని నా చేతిపని కాలేజీ అద్దాల పెట్టెలోకి వెళుతుంది. ఆయన ఎక్కడ చెడగొడతారోనని, నోరు తెరిచేలోపే, రెండు రోజుల్లో ఇస్తాం మేడం అనేశాను.

ఖాసిం సాయిబు గారు పన్నుని దూదితో సహా తన ముందుకి జరుపుకున్నారు. పన్నుకి అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి నకలు తయారుచేశారు. ముందు నకలు మీద కట్టి చూపించమన్నారు. నేను మర్నాడంతా కూర్చుని మైనంతో కొన తీర్చాను. సూదిలా, ఒక పక్కకి ఒంపు తిరిగి, చూస్తే భయం వేసేలా. పన్ను అంచులు చేతికి గరుకుగా తగిలాయి. మా పనిలో గరుకు అంచు వదిలితే నాలుక తెగుతుంది. నకలు అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా రుద్దేశాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఊపులో అసలు పన్ను కూడా తీసి, అంచులు నునుపు చేద్దామని పాలిష్ మోటారు వేశాను. చక్రం తిరుగుతోంది. పన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళాను. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి స్విచ్చి ఆపింది.

“ఎవరి నాలుక తెగుతదని నునుపు చేస్తన్నావురా కోటిగా?”

గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం ఇచ్చి చూడమన్నారు. చూశాను. ఆ గరుకు గరుకు కాదు. అంచు పొడవునా రంపానికి ఉన్నట్టు సన్నటి పళ్ళు. పన్నుకే పళ్ళు. కోట్ల ఏళ్ళు మట్టిలో ఉండి చెడనివాటిని నేను ఒక్క నిమిషంలో చెరిపేసేవాణ్ణి. పన్నుని మళ్ళీ దూదిలో చుట్టి ఆయన చేతిలో పెట్టాను.

సాయంత్రం మేడం వచ్చారు. ఆయన పన్నుని వెలుతురు కిందికి జరిపి రెండు విరుగుళ్ళూ చూపించారు. వేరు దగ్గర విరిగిన చోటు అప్పుడే విరిచిన సుద్దముక్కలా తెల్లగా ఉంది. కొన దగ్గర విరిగిన చోటు మిగతా పన్నంత నల్లగా ఉంది, మూలలు అరిగి ఉన్నాయి.

“దారం కొరికీ కొరికీ దర్జీ పన్ను ఇట్టాగే అరుగుద్దమ్మా. కొన విరిగినాక కూడా ఇది కొన్నాళ్ళు తిన్నది,” అన్నారు. “వేరు విరిగింది మన చేతిలో. అది అతికిద్దాం. కొన విరిగింది దాని నోట్లో, దాని తిండి కాడ. దాన్ని దిద్దటానికి మనమెవరం?”

మేడం ఆ అద్దంలోంచి చానాసేపు చూశారు. చూస్తూ చూస్తూ ఆవిడ ముఖం మారింది. ఎముక కొరికి ఉంటుంది అని మెల్లగా తనలో తనే అనుకున్నారు. మరి ప్రిన్సిపాలు గారికి ఏం చెప్పాలని అడిగారు. ఇప్పుడు మీరు అనుకున్నదే చెప్పమన్నారు ఆయన.

లక్కని స్పిరిట్‌లో కరిగించి, అగ్గిపెట్టెలోని ముక్కని ఊపిరి బిగబట్టి అతికించారు. గట్టి జిగురు ఉండగా లక్క ఎందుకన్నాను. రేపు మనకన్నా తెలిసినోడొస్తే ఊడదీసి మళ్ళా చేసుకుంటాడు అన్నారు. మూతి ముడుచుకున్న నన్ను చూసి, నకలు నా ముందుకి తోశారు. ఊహించటం తప్పు కాదు, దాని మీద ఊహించు అన్నారు. రెండు రోజులు ఆ ప్లాస్టర్ అంచుల మీద సూదితో రంపం పళ్ళు చెక్కాను. నేను చెరిపినవాటిని నేనే.

ప్రదర్శనలో రెండూ పక్కపక్కనే పెట్టారు. నాదాని కింద, కొన విరగకముందు ఇలా ఉండి ఉండవచ్చు అని రాశారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పెట్టె పక్కనే నిలబడ్డాను, ఎవరైనా అడిగితే చెబుదామని. ఎవరూ అడగలేదు. జనమంతా ఆ మొండి పన్ను దగ్గరే మూగారు. ఏం కొరికితే విరిగింది? తాబేలునా? ఇంకో సొరచేపనా? వినుకొండ నుంచి వచ్చిన రైతు ఒకాయన మోకాలి చిప్ప అయ్యుంటుందని తేల్చేశాడు. మధ్యాహ్నానికి ప్రిన్సిపాలే కర్ర పట్టుకుని, ఈ కొన చూడండి అంటూ అతిథులకి చెబుతున్నారు, తనే దగ్గరుండి విరగ్గొట్టించినట్టు. మేడం నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగిపోయారు.

“నాదాన్ని ఎవరూ చూళ్ళేదేంది బాబాయ్?” అన్నాను దారిలో.

“నీది చానా బాగుందిరా. అందుకే ఎవరికీ ఏం అడగాలో తెలవలా.”

కొన్నేళ్ళకి ఆయన ముందు పళ్ళు ఊగడం మొదలైంది. నన్ను పిలిచి కుర్చీలో కూర్చుని, కట్టరా అన్నారు. ఆ పళ్ళు తీసేముందు అచ్చు తీసుకుని ప్లాస్టర్ పోశాను. పనిచేసేటప్పుడు సన్న ఉక్కు పనిముట్టుని పళ్ళ మధ్య కరిచిపట్టుకునే అలవాటు ఆయనది. అందుకే పై పన్ను అంచున ఒక నొక్కు పడింది. కొత్త పళ్ళ సెట్టులో ఆ నొక్కు అదే చోట, అదే లోతున పెట్టాను. ఆయన పెట్టుకుని అద్దం చూడలేదు. నాలుకతో తడుముకున్నారు. నొక్కు దగ్గర నాలుక ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు.

“ఒరేయ్, ఇది నేనేరా.”

ఇప్పుడు ఊళ్ళో చదువుకున్న పళ్ళ డాక్టర్లు చాలామంది ఉన్నారు. వాళ్ళ కొలతలకి నేను సెట్లు చేసిస్తాను. కొలతతో పాటు ఊరు కూడా రాయండి, నవ్వుతుండగా ఒక ఫొటో కూడా పంపండి అంటాను. ముసలాడి చాదస్తం అనుకుంటూనే పంపుతారు. ఆనాటి ప్లాస్టర్ దవడ నా బల్ల మీదే ఉంటుంది.

మొన్న మా మనవరాలు ఆడుకుంటూ దాన్ని కింద పడేసింది. వెనక మూల చిన్న ముక్క ఊడింది. ఆ ముక్క గుప్పిట్లో పెట్టుకుని ఏడుపు ముఖంతో వచ్చింది. లక్క కరిగించి, పిల్ల చేతే అతికించాను. అది గట్టిపడేదాకా ఊదుతూ కూర్చుంది. తర్వాత దవడని అటూ ఇటూ తిప్పి, ముందు పన్ను నొక్కు మీద వేలు పెట్టి, తాతా, ఇక్కడ కూడా విరిగింది, ఇది కూడా అతికిద్దామా అంది.

“అది విరిగింది కాదమ్మా,” అన్నాను, “అది మా బాబాయ్.”