కిటికీ వైపు తిరిగిన కుర్చీ

ఆ దుకాణంలో ఆమెను అందరూ అద్దాలక్క అని పిలిచేవారు. వీధి వైపున్న అద్దాల గదులన్నీ ఆమె చేతి కింద ఉండేవి మరి. ఐదంతస్తుల దుకాణం అది. గుమ్మం దాటితే సెంటు సీసాల ఘుమఘుమలు, బట్టకు వేలాడే చీటీ తిప్పి ధర చూస్తే గుండె దడ. లోపల కొనేవాళ్ల సంగతెలా ఉన్నా, ఏడాది చివరి సెలవులు వచ్చాయంటే అద్దాల ముందు నిలబడి చూసేవాళ్లు మాత్రం ఇసకేస్తే రాలనంతమంది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ వచ్చేవారు.

బొమ్మలకు బట్టలు తొడిగి, వెనక నుంచి గుండుసూదులు పెట్టి నడుం దగ్గర బిగించడం, కంటికి కనబడని నైలాను దారంతో కాగితపు పక్షుల్ని గాల్లో వేలాడదీయడం, ఒక దీపం ఎక్కడ పెడితే పట్టు మెరుస్తుందో ఎక్కడ పెడితే వెలిసిపోయినట్టుంటుందో చూసుకోవడం ఆమె పని. పెళ్లికి ముందు కుట్టుపని అమ్మాయిగా చేరింది. ఆ తర్వాత కూతురు పుట్టింది, ఆ కూతురు కాలేజీకి వచ్చింది. అద్దాలక్క మాత్రం అక్కడే ఉంది.

ఇంట్లో సంగతి వేరు. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఒకప్పుడు నోరు విప్పితే ఆపడం ఎవరి తరమూ కాని మనిషి. ఎక్కిన ప్రతి ముసలమ్మతోనూ వరస కలిపేసేవాడు. అలాంటివాడి బస్సు కిందకు ఒక వాన సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి పడ్డాడు. గొడుగు అడ్డం పెట్టుకుని, చూసుకోకుండా రోడ్డు దాటాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. పోలీసులు చూశారు, డిపోవాళ్లు విచారించారు, బస్సులో ఉన్నవాళ్లంతా సాక్ష్యం చెప్పారు. డ్రైవరు తప్పు ఏమీ లేదని తేల్చారు. ఆయన మాత్రం తనలో తాను తేల్చుకోలేకపోయాడు. మళ్లీ స్టీరింగు ముట్టలేదు. పొద్దున లేస్తే ముందు గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఇంటికి వీపు పెట్టి కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. అంతే. రెండేళ్లుగా గడప దాటింది లేదు. డాక్టరు మాటెత్తితే, "నాకేం రోగం?" అనేవాడు.

అద్దాలక్క మొదట్లో బతిమాలింది, తర్వాత దెబ్బలాడింది, ఆ తర్వాత అలవాటు పడిపోయింది. అలవాటు పడటమే పొరపాటని ఆమెకు అప్పుడు తోచలేదు.

ఆ ఏడాది సెలవుల అలంకరణకు దుకాణంవాళ్లు ఒకటే మాట చెప్పారు. అన్నిటికన్నా పెద్ద అద్దంలో ఒక ఇల్లు కనబడాలి. కలిగినవాళ్ల ఇల్లు, సెలవుల్లో అందరూ ఒకచోట చేరిన వేళ. మేనేజరు వయసులో చిన్నమ్మాయి, పనిలో చురుకు. "అక్కా, చూసినవాళ్లకి వాళ్లిల్లు గుర్తుకురావాలి. మిగతాది మీ ఇష్టం" అంది.

అద్దానికి లోపల గోధుమరంగు కాగితం అంటించి పని మొదలుపెట్టారు. తోడుగా దుకాణం వడ్రంగి ఉన్నాడు. రిటైరు కావలసిన వయసు దాటినా, ఆయన లేకపోతే తలుపులు మూసుకోవని ఉంచుకున్నారు. అద్దాలక్క ఆయన్ని బాబాయ్ అనేది. గది మధ్యలో బల్ల వేసి, తల్లి బొమ్మకు ముదురాకుపచ్చ పట్టు గౌను తొడిగింది. కూతురు బొమ్మ చేతికి రిబ్బను కట్టిన పెట్టె ఇచ్చింది. అత్తగారి బొమ్మ భుజాల మీద ఉన్ని శాలువా కప్పింది. పైన కాగితపు నక్షత్రాలు, పక్కన బంగారు రంగు పూసిన కొమ్మలు. ఇక మిగిలింది తండ్రి బొమ్మ. కూర్చునే మగబొమ్మ వాళ్ల దగ్గర ఒకటే ఉంది, దానికి కుడికాలు వదులు. నల్లటి ఖరీదైన కోటు తొడిగి, బొమ్మను అద్దం పక్కన కుర్చీలో, వీధి వైపు తిరిగి ఉండేలా కూర్చోబెట్టింది.

"ఈయనేంటమ్మా, ఇంటిల్లిపాదీ అక్కడుంటే ఇక్కడ కూర్చున్నాడు?" అన్నాడు బాబాయ్.

"కోటు కనపడాలిగా బాబాయ్. ఈ ఏడాది అమ్మాల్సింది అదే."

ఆ మాట అబద్ధం కాదు. బాబాయ్ వదులుగా ఉన్న కాలికి బోల్టు బిగిస్తుంటే, "కొంచెం ముందుకు... ఇంకొంచెం... మడమ నేలకి ఆనించి నొక్కి పెట్టండి" అని చెప్పింది. ఎడమ చేతి బొటనవేలు పిడికిట్లోకి ముడిచింది. చూపుకి బాగుందనిపించింది, చేసింది.

కాగితం తీశాక జనం విరగబడ్డారు. బల్ల దగ్గర అంత సందడి సాగుతుంటే, అంత మంచి కోటు తొడుక్కుని ముఖం ముడుచుకుని బయటికి చూస్తున్న పెద్దమనిషిని చూసి పగలబడి నవ్వారు. అత్తారింట్లో అలిగిన అల్లుడిలా ఉన్నాడని ఎవరో అన్నారు. ఆ పేరే స్థిరపడింది. అలకల్లుడు. జనం ఆయన పక్కన మూతి ముడుచుకుని నిలబడి ఫొటోలు దిగారు. "ఏం నాయనా, ఏం పెట్టలేదని కోపం?" అని ఒకావిడ అద్దం మీద తట్టి అడిగింది. ఆ ఫొటోలు ఫోన్లలో ఊరంతా తిరిగాయి. కోట్లు వేడి వేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. మేనేజరు అద్దాలక్కను కౌగిలించుకున్నంత పని చేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు ఫోను పక్కకు పెట్టి, తల్లి వైపు అదోలా చూసింది.

"అమ్మా, కాలేజీలో అందరూ చూపిస్తున్నారు. నువ్వే చేశావా?"

"నేను కాకపోతే ఎవరు చేస్తారే?"

"నీకు తెలిసే చేశావా?"

అద్దాలక్కకు అర్థం కాలేదు. కూతురు ముందు గది వైపు చూసింది. కిటికీ దగ్గర ఆయన కూర్చుని ఉన్నాడు. ఎడమ బొటనవేలు పిడికిట్లో, కుడికాలు ముందుకు చాచి, మడమ నేలకు నొక్కిపెట్టి. బ్రేకు మీద కాలు వేసిన మనిషిలా. అలా కూర్చోవడం ఆమె రెండేళ్లుగా రోజూ చూస్తూనే ఉంది. అదేమిటో ఆమె కంటికి ఆనడం మాత్రం అదే మొదటిసారి.

తెల్లారి పొద్దున్నే దుకాణం మేడ మీదికి వెళ్లి మేనేజరును అడిగింది. "అమ్మా, ఆ బొమ్మని కాస్త తిప్పుదాం. బల్ల వైపు పెడదాం."

"అయ్యో అక్కా! జనం వచ్చేదే దాని కోసం కదా. సెలవులయ్యేదాకా ముట్టుకోవద్దు. పైవాళ్లు నన్ను బతకనివ్వరు."

అసలు విషయం చెప్పడానికి నోరు రాలేదు. మా ఆయన్ని తెచ్చి మీ అద్దంలో కూర్చోబెట్టాను అని ఎలా చెబుతుంది? తలూపి కిందికి వచ్చేసింది.

ఆడపడుచు ఫోను మధ్యాహ్నం వచ్చింది. ఆవిడకు అన్నగారంటే ప్రాణం. కోపం వస్తే నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. "వదినా, నీకు కళ్లున్నాయా? మా అన్నయ్యని బజార్లో కూర్చోబెట్టి ఊరంతా నవ్వేలా చేశావు కదా! ఏం అపకారం చేశాడు నీకు?"

"కావాలని చేశానా? నా చెయ్యి అలా..."

"చెయ్యి చేసిందట, చెయ్యి! అన్నయ్యకి ఫొటో చూపించాను. దాచితే దాగేదా ఇది? రేప్పొద్దున ఇంకొకరు చూపిస్తే?"

"ఏమన్నారు?"

"ఏమంటాడు! ఫొటో కాదు, అక్కడికెళ్లి అసలు బొమ్మనే చూస్తానన్నాడు. తీసుకొస్తున్నా."

వాళ్లు నడిచే వచ్చారు. ఆయన ఇప్పుడు బస్సు ఎక్కడు కదా. అద్దాలక్క అప్పటికి అద్దాల గదిలో బొమ్మల మీద పడ్డ దుమ్ము కుంచెతో దులుపుతోంది. తల ఎత్తేసరికి జనం వెనకాల ఆయన. ఇంట్లో వేసుకునే పాత స్వెట్టరు, గడ్డం మాసింది, పక్కన చెల్లెలు చెయ్యి పట్టుకుని ఉంది. ఆయన జనాన్ని తోసుకోలేదు. వాళ్లే ఒక్కొక్కరు ఫొటో తీసుకుని తప్పుకుంటుంటే, నెమ్మదిగా అద్దం దాకా వచ్చాడు. బొమ్మ పాదం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూసి ఏదో అన్నాడు. మందపాటి అద్దం, ఒక్క ముక్క వినిపించలేదు. ఆమె బయటికి పరుగెత్తుకొచ్చేసరికి అన్నాచెల్లెళ్లు ఇద్దరూ లేరు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన మంచం మీద సంచి పెట్టుకుని బట్టలు సర్దుకుంటున్నాడు.

"ఇంట్లో నేను మీకు అలాగే కనిపిస్తానా?" అన్నాడు, చొక్కా మడత పెడుతూనే. దుకాణం ముందు అడిగిందీ అదేనట.

లేదు అని ఉంటే ఎలా ఉండేదో. ఆమెకు అబద్ధం నోట్లోకి రాలేదు. "అవునండీ" అంది.

ఆయన తలూపాడు. కోపం కూడా కనబడలేదు. "కొన్నాళ్లు చెల్లి దగ్గరుంటా" అని సంచి భుజాన వేసుకున్నాడు. కూతురు వీధి మలుపు దాకా వెంట నడిచి, ఏడుస్తూ తిరిగొచ్చింది.

మరునాడు మిట్టమధ్యాహ్నం, జనం నిండుగా ఉన్న వేళ, అద్దాలక్క ఎవరినీ అడగకుండా అద్దాల గదిలోకి వెళ్లింది. రెంచితో బోల్టు విప్పి, బొమ్మ కాలు వెనక్కి మడిచి, కుర్చీని బల్ల వైపు తిప్పేసింది. కోటు వీపు, జుట్టు వెనకభాగం తప్ప వీధివాళ్లకు ఏమీ మిగల్లేదు. బయట జనం ఉసూరుమన్నారు. కొందరు అరిచారు. ఎవరో పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. బాబాయ్ తలుపు దగ్గర నిలబడి, "ఎంత పని చేశావమ్మా" అని మాత్రం అన్నాడు.

మేనేజరు ఆమెను పిలిచి కూర్చోబెట్టింది. ఈసారి అద్దాలక్క దాచకుండా అంతా చెప్పింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఏం లాభం? "ముందే చెప్పుంటే ఏదో ఒకటి చేసేదాన్ని కదక్కా. ఇప్పుడు పైవాళ్లకి తెలిసిపోయింది" అంది. బొమ్మను వేరేవాళ్లు మళ్లీ వీధి వైపు తిప్పారు గాని, కాలు కుదరలేదు. జనం కూడా క్రమంగా పలచబడ్డారు. అద్దాలక్కను అద్దాల నుంచి తప్పించి, మూడో అంతస్తులో కానుకలకు కాగితం చుట్టే చోట వేశారు. పొద్దస్తమానం పెట్టెలు, టేపు, రిబ్బను. అంతకాలం ఏలిన చోటు పోయిందన్న బాధ ఉంది గాని, దాన్ని మించిన బాధ ఇంట్లో ఉంది కాబట్టి దానికి తీరిక దొరకలేదు.

సెలవురోజు చూసుకుని ఆడపడుచు ఇంటికి వెళ్లింది. తలుపు తీసినావిడ ముఖం తిప్పుకుంది గాని, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. అద్దాలక్క ఎదురుగా కూర్చుని తానూ కొన్ని తీసుకుంది.

"బొమ్మని తిప్పేశానండీ" అంది.

"చెల్లి చెప్పింది. ఎందుకు తిప్పావు?"

ఆమె తెల్లబోయింది. "మీకు బాధ కలిగిందని."

"మొదట ఉన్నదున్నట్టు పెట్టావు. తర్వాత లేనిది పెట్టావు. అందరితో కూర్చుని నవ్వుతున్నానని ఎవరికి చూపించడానికి?" గొంతు పెరగలేదు. ఈనెలు తీసే చెయ్యి మాత్రం ఆగింది. "నేను బ్రేకు తొక్కాను. గొడుగు కనబడగానే తొక్కాను. బస్సు ఆగగలిగినంతలో ఆగింది కూడా. అందరూ వచ్చి నీ తప్పు లేదు, నీ తప్పు లేదు అన్నారు. సరే, నా తప్పు లేదు. మరి ఆయనెందుకు చచ్చిపోయాడో ఒక్కరూ చెప్పలేదు. ఇంకాస్త గట్టిగా తొక్కితే సరిపోయేదేమో అని... అదే తొక్కుతూ కూర్చున్నా."

రెండేళ్లలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అదే. పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడపడుచు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధైర్యం చెప్పే మాటలన్నీ అద్దాలక్క ఎప్పుడో వాడేసింది, వాటి వల్ల ఒరిగిందేమీ లేదు. "నాతో చెప్పి ఉండాల్సింది" అంది చివరికి.

"నువ్వు అడిగావా?"

ఆమె తల దించుకుంది. అడగలేదు. తిన్నారా, పడుకున్నారా, స్నానం చేశారా అని అడిగింది గాని, ఇది అడగలేదు.

సెలవులు ముగిసి దుకాణంలో అలంకరణలన్నీ పీకేశాక, ఆయన వస్తానని కబురు పెట్టాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు, అదీ ఆడపడుచు మూడు పూటలు ఏకధాటిగా సతాయిస్తే. అద్దాలక్క తీసుకురావడానికి వెళ్లింది. ఎక్కి చూస్తానని ఆయనే అంటే బస్సు స్టాపులో నిలబడ్డారు. బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది. ఆయన మెట్టు మీద కాలు పెట్టి తీసేశాడు. నుదుటి మీద చెమట. డ్రైవరు కుర్రాడు గుర్తుపట్టి, "అన్నా, ఎలా ఉన్నావ్!" అన్నాడు. ఆయన నవ్వబోయాడు గాని కుదరలేదు. తలుపు మూసుకుని బస్సు వెళ్లిపోయింది.

"నడుద్దాం" అంది అద్దాలక్క.

"చాలా దూరం."

"తెలుసు."

సంచికి చెరోవైపు పట్టుకుని నడిచారు. సగం దారిలో ఆమె చెప్పు తెగింది. ఆయన చెప్పుల షాపు కోసం అటూ ఇటూ చూసి, దొరక్క, తన జేబురుమాలు చింపి కట్టాడు. ముడి గట్టిగానే వేశాడు. అయినా ప్రతి వీధి మలుపులోనూ ఆయన ఆగిపోయేవాడు. ఇరువైపులా చూసేవాడు, మళ్లీ చూసేవాడు. వెనకవాళ్లు విసుక్కుని పక్క నుంచి దాటిపోయేవారు. ఆమె తొందరపెట్టలేదు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది, ఇద్దరి కాళ్లూ బొబ్బలెక్కాయి. కూతురు తలుపు తీసి, వేణ్నీళ్లు కాచడానికి లోపలికి వెళ్లింది.