తాగని వైన్‌కు నేను రాసిన రుచులు

తాగి పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందినే చూసి ఉంటారు. తాగకుండా పోగొట్టుకున్న మనిషిని చూడాలంటే మాత్రం ఏలూరు రావాలి, అందులోనూ మా ఇంటికే రావాలి. నిరుడు వేసవిలో ఒక ఆదివారం, పట్టపగలు, ఇద్దరు అతిథులూ ఒక అత్తగారూ చూస్తుండగా నేను ఆ ఘనకార్యం సాధించాను.

సంగతేమిటంటే, మా ఫోన్లలో ఒక వైన్ గ్రూపు ఉంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు ఊళ్లలో ఉండే పద్నాలుగు మందిమి. ఆ వారం ఎవరు ఏ సీసా తాగారో, ఎలా అనిపించిందో శనివారం సాయంత్రం రాసుకుంటాం. అడ్మిన్ తణుకులో పళ్ల డాక్టరు, రాజ్యలక్ష్మి గారు. నన్ను చేర్చింది గూడెంలో ఉంటున్న నా కాలేజీ స్నేహితురాలు లలిత. ఉద్యోగాలు చేసే రోజుల్లో మేమిద్దరం కలిసి మొత్తం మూడుసార్లు వైన్ తాగాం. ఆ మహానుభవాన్ని పురస్కరించుకుని "మా ప్రసన్నకి బాగా తెలుసండీ" అని పరిచయం చేసేసింది.

ఆ గ్రూపంటే నాకు ప్రాణం. ఎందుకో చెప్తే నవ్వకండి. పిల్లాడు పుట్టాక నన్ను పలకరించిన ప్రతి మనిషీ అడిగినవి మూడే: బరువెంత, పాలు చాలుతున్నాయా, బోర్లా పడుతున్నాడా. "మీకేమనిపించిందండీ?" అని అడిగే చోటు లోకం మొత్తానికి అదొక్కటే మిగిలింది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఎంతకైనా తెగించేదాన్ని. తెగించాను కూడా.

చిక్కేమిటంటే, గ్రూపులో నియమం ఒకటే: తాగనిది రాయకూడదు. ఎవరో ఒకాయన ఇంటర్నెట్‌లో చూసి రాస్తే డాక్టరమ్మ గారు సాక్ష్యాలతో పట్టుకుని, పుచ్చుపన్ను పీకినట్టు గ్రూపులోంచి పీకేశారు. నేనేమో పాలిచ్చే తల్లిని. జలుబు మాత్ర వేసుకోవాలన్నా అట్ట మీది అక్షరాలు రెండుసార్లు చదివి, ఆఖరికి జలుబుతోనే ఉండిపోయే రకాన్ని. వైన్ చుక్క ముట్టుకుంటానా?

ముట్టుకోలేదు. వాసన చూశాను. మావారు శనివారం ఒక గ్లాసు పుచ్చుకుంటారు. ఆయన మొదటి గుక్క వేసేలోపు నా ముక్కు గ్లాసులో ఉండేది. పిల్లాడు పుట్టాక నా ముక్కు ఎలా తయారైందంటే, మూడు గదుల అవతల డైపర్ తడిసినా ఇక్కడ కూర్చుని చెప్పగలను. గ్రూపులో అందరూ చెర్రీ, ఓక్ చెక్క అని రాసేవారు. మా జిల్లాలో ఓక్ చెట్టు చూసినవాళ్లెవరండీ? నేను నాకు తెలిసినవే రాసేదాన్ని. "మిల్లులో ధాన్యం గోతాం మూతి విప్పినప్పటి వెచ్చదనం. వెనకాలే దోర నేరేడు వగరు." "వానకు తడిసిన కొబ్బరి పీచు." జనం మురిసిపోయేవారు. "మీ నాలుక బంగారమండీ" అని రాసేవారు డాక్టరమ్మ గారు. నా నాలుకకు పాపం ఈ సంగతే తెలియదు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. నేను తాటిచెట్టు కింద బుద్ధిగా పాలు తాగుతూ, కల్లు తాగుతున్నానని నా అంతట నేనే మూడు నెలలు చాటింపు వేసుకున్నాను.

అలా సాగిపోతుండగా, పిల్లాడికి పళ్లొస్తున్నాయని సాయానికి మా అత్తగారు వచ్చారు. ఆవిడది కొల్లేటి వైపు ఊరు, వాళ్లకు చేపల చెరువులు. రాగానే నాకోసం రోజూ ఒక కషాయం కాచడం మొదలుపెట్టారు. దాన్ని నేను ముక్కు గట్టిగా మూసుకుని, గటగటా మింగి, పరుగెత్తుకెళ్లి నీళ్లు తాగేదాన్ని.

ఆవిడ వచ్చే ముందురోజు మావారు ఒక ఎర్ర వైన్ సీసా తెరిచి, గ్లాసుడు పుచ్చుకుని, మిగతాది ఫ్రిజ్ తలుపులో పెట్టారు. మరుసటి శనివారం మధ్యాహ్నం నాకొక ఆసక్తి పుట్టింది. తెరిచి వారమైన వైన్ ఏమవుతుంది? మూత తీసి వాసన చూశాను. నమ్మండి, అక్కడే నిలబడిపోయాను. ముదురాకుపచ్చ సీసా కాబట్టి లోపల ఏముందో కనిపించదు. ముక్కు చెప్పిందే వేదం. వెంటనే గ్రూపులో రాశాను:

"తెరిచి వారమైంది. ద్రాక్ష తప్పుకుని లోపల దాక్కున్నవన్నీ బయటికొచ్చాయి. శొంఠి ఘాటు, పాత బెల్లం, మిరియం, ఎక్కడో ఒక మూల వాము. మింగాక కూడా గొంతులో ఐదు నిమిషాలు వెచ్చగా నిలిచింది."

ఆ చివరి వాక్యం ఎందుకు రాశానని అడక్కండి. చెయ్యి తిరిగినవాళ్లకు వచ్చే రోగం.

నిమిషంలో డాక్టరమ్మ గారి జవాబు వచ్చింది. "ఏ వైనయినా వారానికి పులిసిపోవాలండీ. మీది మాత్రం రొట్టె విరిగి నేతిలో పడ్డట్టుంది. రేపు లలితా నేనూ కొల్లేరు పక్షుల్ని చూడ్డానికి వస్తున్నాం. దారిలో మీ ఇంటికొస్తాం. మాకో గుక్క ఉంచండి."

మావారి దగ్గరికి పరుగెత్తాను.

"ఏవండీ, రేపు వాళ్లొస్తున్నారు. అత్తయ్యగారి ముందు సీసా ఎలా తీయను?"

"రేపా? రేపు నేను చెరువు దగ్గర చేపలకి గాలి కొట్టే ఏరేటర్ చూసుకోవాలి."

"మొన్నే బాగు చేయించారు కదండీ."

"బాగుందో లేదో చూసుకోవాలి కదా."

తెల్లారి ఆరింటికల్లా వెళ్లిపోయారు. అత్తగారికి, పిల్లాడి పళ్లు చూడ్డానికి డాక్టరు గారు వస్తున్నారని చెప్పాను.

"రెండు పళ్లకి తణుకు నుంచా అమ్మా?"

"స్పెషలిస్టండీ."

పదకొండున్నరకు కారు దిగారు. డాక్టరమ్మ గారు కుశలాలయినా అడగకుండా "ఏదండీ?" అన్నారు. అత్తగారు పిల్లాడికి పెరట్లో స్నానం చేయిస్తున్నారు. అదే అదనుగా రెండు స్టీలు గ్లాసుల్లో గబగబా పోసి ఇచ్చాను. ఇద్దరూ తలో గుక్క తాగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది మా అమ్మ కాచేది," అన్నారు డాక్టరమ్మ గారు నెమ్మదిగా. "నా ఇద్దరు పిల్లలప్పుడూ తాగాను. వాము కషాయం."

లలిత ఇంకో గుక్క వేసింది. "పిప్పళ్లు కూడా పడ్డాయండీ."

"ప్రసన్న గారూ, ఒక్క మాట. మీరు దీన్ని తాగే రాశారా?"

అంతలో అత్తగారు పిల్లాడిని తువ్వాలులో చుట్టుకుని లోపలికొచ్చారు. గ్లాసుల్లోకి చూశారు.

"అదేంటండీ, బాలింత కషాయం తాగుతున్నారు? మీక్కూడా చంటిపిల్లలున్నారా?"

"నాకు యాభై రెండండీ."

"అయితే తాగండి, మోకాళ్లకి మంచిది."

నేను సీసా ఎత్తి చూపించాను. "అత్తయ్యగారూ, మరి ఆ సీసాలో ఇంతకుముందున్నది?"

"ఆ ద్రాక్ష పులుపా? నేనొచ్చిన రోజే అబ్బాయిని అడిగాను, ఇదేంట్రా అని. వంటలోకమ్మా అన్నాడు. మంగళవారం చింతపండు తక్కువైతే కొర్రమీను పులుసులో పోసేశాను. సీసా బాగుంది కదాని కడిగి, కషాయం పోసి, తీసినచోటే పెట్టాను."

తీసినచోటే పెట్టడం మంచి అలవాటని చిన్నప్పుడు ఎవరు నేర్పారో గానీ, నా కొంప ముంచింది ఆ అలవాటే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పులుసు నేను మంగళవారం తిన్నాను. బుధవారం పొద్దున చద్దిపులుసు మరీ ఇష్టంగా తిన్నాను. పిల్లాడికి పాలిచ్చాను. వైన్ సంగతి, పరువు సంగతి అన్నీ ఎగిరిపోయాయి. పిల్లల డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయనకు నా నంబరు కంఠస్థం.

"ఎంతసేపు మరిగిందమ్మా?"

అత్తగారిని అడిగాను. "గంటండీ."

"ఇవాళ ఆదివారం. ఈ నాలుగైదు రోజులు బాబు ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడండీ. బుధవారం రాత్రి ఒక్కసారి కూడా లేవకుండా పడుకున్నాడు." ఆ మాట అంటుండగానే నాకు అనుమానం వచ్చింది. "అందుకే పడుకున్నాడంటారా?"

"గంటసేపు మరిగిన పులుసుకి అంత నిద్ర రాదమ్మా. పన్ను బయటికొచ్చి నొప్పి తగ్గుంటుంది. మీరు కూడా కాసేపు పడుకోండి."

ఫోన్ పెట్టేసరికి డాక్టరమ్మ గారు నన్నే చూస్తున్నారు. ఇక దాచడానికి ఏం మిగిలిందని? అంతా చెప్పేశాను.

"మూడు నెలలూ వాసనేనా?"

"వాసనేనండీ."

"గొంతులో ఐదు నిమిషాలు నిలిచిందని రాశారు."

"అది ఊహండీ."

లలిత చున్నీలో మొహం దాచుకుంది. డాక్టరమ్మ గారు ఫోన్ తీశారు. "నాకూ కష్టంగానే ఉంది. కానీ నియమం నియమమే. తీసెయ్యాలి."

మీకు నవ్వులాటగా ఉంటుంది. నాకు మాత్రం "మీకేమనిపించింది" అని అడిగే ఆ ఒక్క కిటికీ కళ్లముందే మూసుకుపోతోంది. ఏడవకుండా ఉండటానికి పిల్లాడి తల తుడవడం మొదలుపెట్టాను.

"ఒక్కటి తాగింది కదండీ," అంది లలిత. "పులుసులో అయితేనేం? మింగింది."

డాక్టరమ్మ గారు ఆలోచనలో పడ్డారు. పన్ను పీకాలా, నింపి వదిలేయాలా అన్నట్టుంది మొహం. "సరే. ఆ ఒక్కదాని గురించి ఉన్నదున్నట్టు రాయండి. ఇప్పుడే, నా ముందే. అబద్ధం లేకపోతే ఉంచుతాను."

ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఏడాదిన్నర తర్వాత నా నోట్లోకి వెళ్లిన మొదటి వైన్. అదీ కొల్లేటి కొర్రమీనుతో కలిసి. ఎలా ఉంది? నేరేడు? మిల్లు? తడి పీచు? ఎంత తవ్వినా ఏమీ తగల్లేదు. ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, ఇంకో చేత్తో అన్నం కలుపుకుంటూ తిన్నాను మరి. ఆ పూట అనిపించింది ఒక్కటే గుర్తుంది. అదే రాసి పంపించాను.

"ఏం రాసిందండీ?" అన్నారు అత్తగారు.

డాక్టరమ్మ గారు పైకి చదివారు. "ఉప్పు చాల్లేదట."



"ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా," అన్నారు మా అత్తగారు.

గ్రూపులో ఉంచారు. ఇంట్లో ఉంచుతారో లేదో తేలడానికి ఇంకో వారం పట్టింది. పిల్లాడి మీద ఒట్టేయడానికి భయం కాబట్టి ఫ్రిజ్ మీద చెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నోట్లో పెట్టుకోనిదాని గురించి ఈ జన్మలో రాయను. నోట్లో పెట్టుకున్నది మా అత్తగారు వండిందైతే, వచ్చే జన్మలో కూడా రాయను.